రాహుకాలంలో కొట్టిన టికెట్

రాయచోటిలో విమానం టికెట్లు అమ్మే అంగళ్ళకు కొదవ లేదు. కొన్ని వీధుల్లో మంచి టీ దొరకడం కష్టం గానీ కువైట్ టికెట్ దొరకడం కష్టం కాదు. అయితే అన్ని అంగళ్ళలోకీ లక్ష్మీనరసయ్య అంగడి వేరు. మిగతా చోట్ల బల్ల మీద కంప్యూటర్ ఉంటుంది. ఇక్కడ కంప్యూటర్ పక్కనే పంచాంగం కూడా ఉంటుంది. కంప్యూటర్ చెప్పినదానికి పంచాంగం ఒప్పుకుంటేనే టికెట్ బయటికి వస్తుంది.

లక్ష్మీనరసయ్యకు అరవై ఒకటి నడుస్తోంది. పొట్టి మనిషి. నుదుట బొట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు, ఆ రెండూ రాయవు. ఇదే చోట వాళ్ళ నాయన బెల్లం, చింతపండు అమ్మేవాడు. ఆ వ్యాపారం ఇతని చేతికి వచ్చేసరికి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొకరు కువైట్ దారి పట్టారు. ఇంట్లో మిగిలినవాళ్ళకు బెల్లం కన్నా ఫోను అవసరం ఎక్కువైంది. లక్ష్మీనరసయ్య బెల్లం బుట్టలు ఒక మూలకు జరిపి ఎస్టీడీ బూత్ పెట్టాడు. ఆ బూత్ అద్దం తలుపు సరిగ్గా పడేది కాదు. పదిహేనేళ్ళ పాటు ఎవరి కూతురు ఎప్పుడొస్తుందో, ఎవరి మొగుడు ఎందుకు రావడం లేదో అన్నీ అతని చెవిన పడ్డాయి. ఒక్కటి కూడా నోట్లోంచి బయటికి పోలేదు. అందుకే బూత్ మూతపడి టికెట్ల అంగడి అయినప్పుడు జనం వేరే చోటికి పోలేదు.

పోకపోవడానికి ఇంకో కారణం, ఆ అంగట్లో గోడవారగా ఉన్న పొడుగాటి చెక్క బల్ల. ప్రయాణం రోజున మంచి ఘడియ లేకపోతే మనవాళ్ళు ఏం చేస్తారు? అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసుకుని, వెంట తీసుకుపోయే సంచిని ఇంట్లోంచి బయటికి తెచ్చి ఇంకొకరి ఇంట్లో పెడతారు. సంచి గడప దాటితే మనిషి బయలుదేరినట్టే లెక్క. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. ఇంకొకరి ఇల్లు ఎందుకు, మా అంగట్లోనే పెట్టండి అన్నాడు లక్ష్మీనరసయ్య. టికెట్‌తో పాటు బల్ల మీద చోటు ఉచితం. హిందువుల సంచులు మంచి ఘడియ చూసుకుని వస్తే, ముస్లిముల సంచులు శుక్రవారం నమాజు అయ్యాక వచ్చేవి. అన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని కువైట్ కోసం ఎదురుచూసేవి.

ఇందులో ఒకటే షరతు. బయటపెట్టిన సంచి మళ్ళీ ఇంటికి పోకూడదు. పోతే ప్రయాణం చెడినట్టే, మళ్ళీ మొదటి నుంచి ఘడియ చూసుకోవాల్సిందే. ఈ విషయంలో లక్ష్మీనరసయ్య చాలా కచ్చితం. అంతకన్నా కచ్చితం రాహుకాలం విషయంలో. ఆ గంటన్నరా, అది ఏ పూట వచ్చినా, షట్టర్ సగానికి దించి చాప మీద నడుం వాలుస్తాడు. ఇరవై రెండేళ్ళలో రాహుకాలంలో ఒక్క టికెట్ కొట్టలేదు. ముఖ్యమంత్రి వచ్చి అడిగినా కొట్టనని చెప్పుకునేవాడు. ముఖ్యమంత్రికి రాయచోటిలో టికెట్ కొనుక్కునే అవసరం ఏమొస్తుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

కంప్యూటర్ పని కోడలు పద్మప్రియది. ప్రొద్దుటూరు పిల్ల, బీకాం చదివింది. కొడుకు వేణుగోపాల్‌కు చీరల అంగడి ఉంది, అతనికి విమానాల గొడవ పట్టదు. మామా కోడళ్ళిద్దరూ పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తిన దగ్గర నుంచి వాదించుకుంటూ ఉంటారు. వినడానికి పోట్లాటలా ఉంటుంది గానీ, ఒక రోజు పద్మప్రియ పుట్టింటికి పోతే లక్ష్మీనరసయ్య దిక్కు తోచక మూడుసార్లు టీ తాగుతాడు.

ఆ ఏడు వాళ్ళిద్దరి వాదన అంతా ఒక విమానాల కంపెనీ మీదే. దాని పేరు నీలకంఠ ఎయిర్‌వేస్. తోక మీద పాలపిట్ట బొమ్మ. ప్రయాణంలో పాలపిట్ట ఎదురైతే ఎంత శుభమో చెప్పాల్సిన పనిలేదు. అలాంటిది పాలపిట్ట తోక మీదే కూర్చుని వెంట వస్తుంటే ఇంకేం కావాలి? లక్ష్మీనరసయ్య వచ్చినవాళ్ళకల్లా అదే టికెట్ కొట్టించేవాడు. పైగా చవక.

"ఆ చవకే నాకు భయంగా ఉండాది మామా," అంది పద్మప్రియ. "మొన్నటిదాకా ఇచ్చే అన్నం పొట్లం నిలిపినారు. మంచినీళ్ళకి గూడా దుడ్లు అడుగుతాండారు. పైలట్లకి మూడు నెల్లుగా జీతాల్లేవంట. తారీఖు మార్చుకునేదానికి ఒక్క పైసా తీసుకోవడంలే. ముందు నెల టికెట్ల దుడ్లతో ఈ నెల పెట్రోలు పోసుకుంటాండారు, అంతే."

"మరి అంత పెద్ద కూటమి వెనకాల ఉండాది కదా తల్లీ. ఎట్ల పడిపోనిస్తారు?"

కూటమి సంగతి అతనికి చెప్పింది కూడా పద్మప్రియే. ప్రపంచంలోని విమానాల కంపెనీలు ఒంటరిగా బతకలేక జట్లు కడతాయి. ఒకరి టికెట్ కొన్నవాణ్ణి ఇంకొకరు ఎక్కించుకుంటారు, ఒకచోట ఇచ్చిన పెట్టె నాలుగు విమానాలు మారినా చివరి ఊళ్ళో తీసుకోవచ్చు. నీలకంఠ చేరిన జట్టు పేరు గ్లోబ్ సర్కిల్, అందులో ఇరవై కంపెనీలు. దానికి పోటీ జట్టు సెవెన్ స్కైస్. ఈ రెండిటి మధ్యా గల్ఫ్ దారి మీద రెండేళ్ళుగా ధరల పోరు నడుస్తోంది. ఇటువాళ్ళు వెయ్యి తగ్గిస్తే అటువాళ్ళు రెండు వేలు తగ్గించడం, ఇటువాళ్ళు పది కిలోలు ఎక్కువ తెచ్చుకోమంటే అటువాళ్ళు పదిహేను అనడం. లక్ష్మీనరసయ్యకు చిన్నప్పుడు కడప రోడ్డు మీద పోటీ పడిన రెండు ప్రైవేటు బస్సులు గుర్తొచ్చేవి. ఒకాయన టికెట్‌కు టీ ఇస్తే ఇంకొకాయన టీతో పాటు బిస్కెట్ ఇచ్చేవాడు. ఆఖరుకు ఇద్దరూ బస్సులు అమ్ముకున్నారు. అప్పుడు టీ తాగి, బిస్కెట్ తిన్న జనం మాత్రం సుఖపడ్డారు కదా అనేవాడు. పద్మప్రియ ఇక చెప్పి లాభం లేదని కంప్యూటర్ వైపు తిరిగేది.

నాగలక్ష్మమ్మ టికెట్ కూడా పాలపిట్టదే. ఆమెది గాలివీడు వైపు పల్లె. నాలుగెకరాల మెట్ట ఉంది, వాన పడితే వేరుశనగ వేస్తారు, పడకపోతే ఆకాశం వైపు చూస్తారు. మొగుడు ఓబుళేశు సేద్యం చూసుకుంటాడు. ఆమె పన్నెండేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. ఆ జీతంతోనే బోరు పడింది, ఇంటి మీద స్లాబు పడింది, కూతురు యామిని తొమ్మిదో తరగతికి వచ్చింది. ఈసారి సెలవు మామూలు కన్నా చాలా పొడవైంది. యజమానులు వైద్యానికని ఇంకో దేశం పోతూ, మేం పిలిచేదాకా ఇంటి దగ్గరే ఉండమన్నారు. పిలిచేసరికి ఆరు నెలలు కావచ్చాయి. ఆరు నెలలు దాటితే ఆమె అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే అనుమతి, రద్దయిపోతుంది. ఆ ఆరు నెలలు శనివారంతో సరి. శనివారం లోపల ఆమె కువైట్‌లో దిగాలి. దిగకపోతే పన్నెండేళ్ళ కొలువు పోయినట్టే.

ఆమె టికెట్ మంగళవారానిది. ఆదివారం పొద్దున మంచి ఘడియలో సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, సంచిలో శనక్కాయల పొడి డబ్బా పెట్టుకోవాలంది. పెట్టుకుంటూ పెట్టుకుంటూ, పట్టీ కుట్టు ఊడిపోయిందని, కుట్టుకుని వస్తానని సంచి భుజాన వేసుకుని బస్సెక్కి పల్లెకు పోయింది. పద్మప్రియ అప్పుడు ఫోన్‌లో ఉంది. లక్ష్మీనరసయ్య అన్నం తిని షట్టర్ వెనకాల చాప మీద కునుకు తీస్తున్నాడు. లేచి చూసేసరికి బల్ల మీద సంచి జాగా ఖాళీ.

అతని మొహం మాడిపోయింది. "ఈడే, ఎదురుంగా దర్జీ ఉండాడు కదా! ఇంటికి ఏల తీసుకపోయింది? ప్రస్థానం చెడిపాయె. రేపు మంగళవారం, చెడిన ప్రస్థానంతో ఆడకూతుర్ని పంపుదునా?"

"మామా, ఆమెకి శనివారమే గడువు."

"గురువారం పోతే శనివారానికి ఇంకా రెండు దినాలు ఉండాది. గురువారం పడమరకు మంచిదే, నేను సూసినా. తారీఖు మార్పుకు ఎట్లా దుడ్లు లేవంటివి కదా, మార్చు."

పద్మప్రియ మార్చింది. ఫోన్ చేసి చెబితే నాగలక్ష్మమ్మ కూడా, మీరు ఎట్ల చెప్తే అట్లే అన్నా అంది. మంగళవారం పాలపిట్ట నిండుగా జనాన్ని ఎక్కించుకుని కువైట్‌లో చక్కగా దిగింది. బుధవారం పొద్దున లక్ష్మీనరసయ్య షట్టర్ ఎత్తి దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తుండగా, పద్మప్రియ ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నీలకంఠ ఎయిర్‌వేస్ అన్ని విమానాలనూ ఆపేసింది. విమానాలు అద్దెకిచ్చినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు, నూనె కంపెనీలు ఇక నూనె పోసేది లేదన్నాయి, సిబ్బంది ఇంటికి పోయారు.

 లక్ష్మీనరసయ్య వెలిగించిన అగరొత్తి చేతిలోనే కాలుతోంది. ఆ రోజు అతని లెక్కలో పన్నెండు మంది పాలపిట్ట టికెట్లవాళ్ళు ఉన్నారు. పదకొండు మందికి తారీఖులు దూరం. వాళ్ళకు ఎలాగో సర్దవచ్చు. ఒక్క నాగలక్ష్మమ్మకే శనివారం. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పొద్దంతా చేశాడు. భయంతో ఎక్కడ పడిపోయిందో అని అతని మనసు చెడ్డవన్నీ ఊహించుకుంది. సాయంత్రం నాలుగు దాటాక ఆమె ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"కడపకు పోయింటి అన్నా. ఫోను సంచిలో ఉండిపాయె. ఇప్పుడే టీవీలో సూసినా. ఇప్పుడు నేను ఎట్ల పోవాల?"

ఎంత ఏడ్చిందో గొంతు అలా పోయింది అనుకున్నాడు లక్ష్మీనరసయ్య. ఆ రాత్రి అతనికి అన్నం దిగలేదు.

గ్లోబ్ సర్కిల్ కూటమి గురువారం పొద్దున ఒక ప్రకటన ఇచ్చింది. నీలకంఠ టికెట్లున్నవాళ్ళను తమ జట్టులోని మిగతా కంపెనీలు ఊరికే ఎక్కించుకుంటాయట. పద్మప్రియ ఆ ప్రకటన గట్టిగా చదువుతుంటే లక్ష్మీనరసయ్య కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. నాగలక్ష్మమ్మ అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది, పక్కన పట్టీ కొత్తగా కుట్టిన సంచి. పద్మప్రియ చివరి వరుసకు వచ్చి ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఒకటో తారీఖుకు ముందు కొట్టిన టికెట్లకే అంట మామా. ఈమెది మొన్న సోమవారం తారీఖు మార్చినాం కదా, అది కొత్తగా కొట్టినట్టే లెక్క." ఆ తర్వాత మెల్లగా అంది, "పాత టికెట్ తారీఖు చూసింటే సరిపోయేది."

 కూటమి వాళ్ళకు ఫోన్ చేశారు. నలభై నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తర్వాత ఒక అమ్మాయి వచ్చి, చాలా తీపిగా, కుదరదు అంది. మళ్ళీ చేశారు. ఈసారి సంగీతం మారింది గానీ మాట మారలేదు. లక్ష్మీనరసయ్యే ఫోన్ తీసుకుని తెలుగులో బతిమాలాడు. అవతలి అమ్మాయికి తెలుగు రాదని తెలిసినా ఆపలేదు. మామూలు టికెట్ ఏదైనా కొందామంటే, ఉన్న విమానాలన్నిటి మీదా పాలపిట్ట జనం పడ్డారు. శనివారం లోపల దిగే సీటు ఎక్కడా లేదు.

ఒంటిగంట దాటింది. నాగలక్ష్మమ్మ తెచ్చిన సద్ది మూట విప్పలేదు. లక్ష్మీనరసయ్య కూడా చాప వైపు పోలేదు. ఆ రెండు గంటల్లో అతను పదేళ్ళు పెద్దవాడైపోయాడు. తప్పు ఎవరిదో అతనికి బాగా తెలుసు. ఆమె మార్చమని అడగలేదు. తనే మార్చాడు. మంగళవారం ఆమె మానాన ఆమెను పోనిచ్చి ఉంటే ఈపాటికి ఆ మనిషి కువైట్‌లో కోడి కూర వండుతూ ఉండేది. తను పంచాంగం తిరగేసి, కంప్యూటర్ మీద పెత్తనం చేసి, ఒక సంసారం నోటి దగ్గర కూడు లాగేశాడు. ఎదురుగా కూర్చున్న ఆమె మొహం చూడలేక అగరొత్తుల డబ్బా సర్దాడు, విప్పాడు, మళ్ళీ సర్దాడు.

రెండుకు పది నిమిషాలు ఉండగా పద్మప్రియ ఒక్కసారిగా కేకేసింది. "మామా! సెవెన్ స్కైస్ వాళ్ళు దిగినారు!"

పోటీ జట్టు. గ్లోబ్ సర్కిల్ షరతులు పెట్టిందని తెలిసిన మూడు గంటల్లో వాళ్ళు తమ ప్రకటన ఇచ్చారు. నీలకంఠ టికెట్ చేతిలో ఉంటే చాలు, ఎప్పుడు కొట్టినదైనా సరే, వాళ్ళకని వేరే సీట్లు తీసిపెట్టాం, సగం ధరకు తీసుకుపోతాం. వాళ్ళకు నాగలక్ష్మమ్మ మీద దయ ఏమీ పుట్టలేదు. పాలపిట్ట వదిలిపోయిన గల్ఫ్ జనం మొత్తం అటు పోకుండా ఇటు రావాలని వాళ్ళ ఆరాటం. అయినా ఆ నిమిషంలో లక్ష్మీనరసయ్యకు ఆ జట్టు మీద పుట్టినంత భక్తి తిరుమల కొండ ఎక్కినప్పుడు కూడా పుట్టలేదు.

"శుక్రవారం సాయంత్రం ఐదుకి బెంగళూరు నుంచి. కొలంబోలో దిగి విమానం మారాల. శనివారం తెల్లవారి కువైట్. నాలుగు సీట్లు ఉండాయి." పద్మప్రియ వేళ్ళు టకటకా ఆడాయి. పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పాత టికెట్ నంబరు. అన్నీ నింపి ఆగింది. ఆగి గోడ గడియారం వైపు చూసింది, మామ వైపు చూసింది.

గురువారం. మధ్యాహ్నం రెండు. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం.

"ఇప్పుడు మూడు సీట్లు మామా," అంది.

 లక్ష్మీనరసయ్య చేతులు పంచాంగం మీదికి పోయి, దాన్ని ముట్టుకోకుండానే వెనక్కి వచ్చాయి. శుక్రవారం పడమరకు ప్రయాణం మంచిది కాదు. శుక్రవారం ఆడకూతుర్ని గడప దాటించడం అసలే మంచిది కాదు. పైగా టికెట్ కొట్టేది రాహుకాలంలో.

"మూడు గంటల దాకా ఆగితే..." అన్నాడు.

"రెండు సీట్లు."

బల్ల మీద నాగలక్ష్మమ్మ లేచి నిలబడింది.  సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది. ఆ చేతిని చూశాడు లక్ష్మీనరసయ్య. రెండు అడుగుల్లో కంప్యూటర్ దగ్గరికి వచ్చి, "యాడ నొక్కాల?" అన్నాడు.

పద్మప్రియ చూపించింది. ఇరవై రెండేళ్ళలో అతను ఆ కంప్యూటర్‌ను ముట్టుకోవడం అదే మొదలు. చూపుడు వేలితో, కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కి, వేలు తియ్యకుండా అలాగే ఉంచాడు.

"వేలు తియ్యి మామా, ఇంకో టికెట్ పడతాది!"

టికెట్ వచ్చింది. ప్రింటర్ దాన్ని బయటికి తోస్తుంటే ముగ్గురూ దాని చుట్టూ మూగి చూశారు. ఊపిరి పీల్చుకున్నాక లక్ష్మీనరసయ్యలోని పాత మనిషి మెల్లగా తల ఎత్తాడు. పంచాంగం తీశాడు, వేళ్ళ మీద లెక్క పెట్టాడు, మొహం వెలిగిపోయింది.

"సూడమ్మా ప్రియా! శుక్రవారం పడమరకు కదా చెడ్డది? కొలంబో యాడుండాది? దక్షిణానికి! శుక్రవారం దక్షిణానికి దోషం లేదు. ఆడి నుంచి పడమరకు పోయేది శనివారం. శనివారం పడమరకు దోషమే లేదు! ఈ జట్టువాళ్ళకు ఎవరో శాస్త్రం తెలిసినాయన ఉండాడు."

కొలంబోలో విమానం లేచేది శనివారం తెల్లవారుజామున రెండుకు. సూర్యుడు లేచేదాకా పంచాంగంలో ఇంకా శుక్రవారమే. పద్మప్రియకు ఆ సంగతి తెలుసు. ఎనిమిదేళ్ళుగా మామ నోటి నుంచి వందసార్లు విన్నది. నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, సద్ది మూట విప్పమని నాగలక్ష్మమ్మకు చెప్పింది. ముగ్గురూ ఆ రాగి సంగటి, శనక్కాయల పొడి పంచుకుని తిన్నారు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఏసన్న కారు అంగడి ముందు ఆగింది. రాయచోటి నుంచి బెంగళూరు విమానాశ్రయానికి జనాన్ని తీసుకుపోవడమే ఏసన్న పని. మదనపల్లె, చింతామణి మీదుగా ఎన్ని గుంతలున్నాయో అతనికి కంఠతా వచ్చు. ఓబుళేశు సంచిని కారులో పెట్టాడు. యామిని అమ్మను పట్టుకుని వదల్లేదు. చివరికి నాగలక్ష్మమ్మ కారెక్కి కూర్చున్నాక లక్ష్మీనరసయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు తీరా నోరు తెరిచేసరికి ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"అమ్మా, ఒక మాట. ఈ తిప్పలంతా నా వల్లనే. నువ్వు మార్చమని అడగలే. నేనే మార్పించినా. మంగళవారం నిన్ను పోనిచ్చింటే ఈ బాధ ఉండేది కాదు. పెద్దోణ్ణి, తప్పు చేసినా. మనసులో పెట్టుకోవాకు."

నాగలక్ష్మమ్మ తల వంచుకుంది. ఏదో చెప్పబోయి ఓబుళేశు వైపు చూసింది, యామిని వైపు చూసింది, ఆగిపోయింది. "పదిన్నరకు రాహుకాలం వస్తాది, కదలాల," అన్నాడు ఏసన్న. అతను చర్చికి పోయే మనిషే గానీ, ఈ అంగడి ముందు బండి ఆపీ ఆపీ అతనికీ వర్జ్యాలు పట్టుబడ్డాయి. కారు కదిలింది. ఆమె ఏమీ అనకుండా పోయినందుకు లక్ష్మీనరసయ్యకు కోపం రాలేదు. అనే హక్కు ఆమెకు ఉంది, అనకపోవడం ఆమె మంచితనం అనుకున్నాడు.

ఆ రోజంతా పద్మప్రియ ఫోన్‌లో విమానం బొమ్మ కదలడం చూపిస్తూనే ఉంది. బెంగళూరులో లేచింది. కొలంబోలో దిగింది. పడుకునే ముందు ఒకసారి, లేచిన వెంటనే ఒకసారి లక్ష్మీనరసయ్య కోడల్ని అడిగాడు. శనివారం ఎనిమిదికే అంగడి తెరిచి, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దిగడం ఒకటే కాదు, అక్కడ పాస్‌పోర్ట్ చూసేవాడు తారీఖు లెక్కపెట్టి ముద్ర వేయాలి. వాడికి ఏ చిన్న అనుమానం వచ్చినా అంతే. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదికి పది నిమిషాలు ఉండగా ఫోన్ మోగింది.

"దిగినానన్నా! ముద్ర ఏసినారు! బయటికి వచ్చేసినా!"

లక్ష్మీనరసయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా తోచలేదు. పద్మప్రియ చప్పట్లు కొట్టింది, ఎదురుగా ఉన్న దర్జీ కూడా ఏమైందో తెలియకుండానే నవ్వాడు. "దేవుడు సల్లగా సూసినాడమ్మా. శానా సంతోషం," అన్నాడు లక్ష్మీనరసయ్య. ఇంకా ఏదో అనబోతుంటే అవతల ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, నిన్న మీరు మీదే తప్పని చెప్పినారే, అప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. విమానంలో కన్ను మూతపడలే. ఆ సంచి పట్టీ ఊడలేదన్నా. నేనే ఊడదీసినా."

"ఏమమ్మా?"

"బుధవారం కడపలో యామినికి ఖోఖో ఆట ఉండె. పన్నెండేండ్లలో నా బిడ్డ పరిగెత్తేది ఒక్కసారి గూడా సూడలే. టికెట్టేమో మంగళవారం పడె. మార్చమని అడిగితే, అకామా ముఖ్యమా ఆట ముఖ్యమా అని తిడతారని భయం. సంచి ఇంటికి పోతే మాత్రం మీరు తప్పకుండా మారుస్తారని తెలుసు. పాలపిట్ట పడిపోతాదని నాకేం తెలుసు? ఆ ఆటలో అరిచీ అరిచీ నా గొంతు పాయె. మిమ్మల్ని మోసం చేసినానన్నా. తిట్టండి."

 లక్ష్మీనరసయ్యకు రెండు రోజులుగా మోసిన బరువు ఎవరో భుజం మీద నుంచి దించినట్టయింది. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. పన్నెండేళ్ళు ఎవరెవరి బిడ్డలకో అన్నం వండిపెట్టిన మనిషి, తన బిడ్డ పరుగు చూడటానికి సూదీ దారం పట్టుకుని దొంగతనం చేయాల్సి వచ్చింది.

"గెలిచిందా?" అని అడిగాడు.

"ఓడిపోయినారన్నా. అయితేనేం, నా బిడ్డ ఒక్కతే ముగ్గుర్ని ఔట్ చేసింది!" ఆ బొంగురు గొంతులో గర్వం అంత దూరం నుంచి కూడా వినిపించింది.

"ముగ్గుర్నా!" అన్నాడు లక్ష్మీనరసయ్య. "మళ్ళీ సెలవుకు వచ్చినప్పుడు సంచి ఊడదీయాకమ్మా. నోరు తెరిచి నన్ను అడుగు. పంచాంగంలో యాడో ఒగ చోట నీకు రెండు దినాలు నేను ఎతికిపెడతా."